అనుబంధ గది

ఆ ఊరి పట్టణ కార్యాలయంలో ప్లాన్ల సెక్షను రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమవైపు ఉంటుంది. ఇల్లు కట్టుకోవాలన్నా, ఉన్న ఇంటి మీద ఇంకో గది లేపాలన్నా, ప్రహరీ ఒక అడుగు అటో ఇటో జరపాలన్నా ఆ కౌంటరు దాటి వెళ్ళాల్సిందే. కౌంటరు వెనక ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్న ఆవిడని ఊళ్ళో అందరూ స్కేలు మేడమ్ అంటారు. ముందు చేతిలో స్కేలు, ఆ వెనక మేడమ్. ప్లాను మీద గీత అరంగుళం తేడా వస్తే ఆ కాగితం ఆవిడ బల్ల దాటదు.

అలాగని కసురుకునే మనిషి కాదు. ఒకరి చేతి టీ కూడా తాగేది కాదు, సిఫార్సు ఉత్తరం తెస్తే చదవకుండానే ఫైలు అడుగున పెట్టేసేది. కాని వచ్చినవాళ్ళని "మీది కుదరదు, వెళ్ళండి" అని మాత్రం ఎన్నడూ పంపలేదు. ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపించి, ఎలా రాస్తే నిలబడుతుందో విడమరిచి చెప్పేది. ఊళ్ళో ఆవిడకున్న మంచిపేరు అలా సంపాదించుకున్నదే.

ఈ కథ ఆఫీసులో కన్నా ఇంట్లో ఎక్కువ జరిగింది కాబట్టి, మనం ఆవిడని ఇంట్లో పిలిచే పేరుతోనే, అక్క అని పిలుచుకుందాం. అలా పిలిచే మనిషి ఒక్కతే. చెల్లెలు చిట్టి.

పేరుకే చిట్టి. మనిషి ఐదడుగుల తొమ్మిదంగుళాలు ఉండేది. బస్సులకి బాడీలు కట్టే షెడ్డులో రేకులు బిగించడం, కిటికీలు కూర్చడం ఆమె పని. సాయంత్రం ఏడింటికి గేటు తోసుకుని వచ్చేసరికి ఆమెతోపాటు రబ్బరు జిగురు వాసన కూడా లోపలికి వచ్చేది. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "కుదరక కాదు, తోచక" అనేది. తొమ్మిదేళ్ళ క్రితం అక్క భర్త పోయినప్పుడు, పదిరోజులు తోడుంటానని ఒక సంచీ, ఒక పనిముట్ల పెట్టె పట్టుకుని వచ్చింది. ఆ పదిరోజులు అలా సాగుతూనే ఉన్నాయి.

అక్కది పద్ధతి గల ఇల్లు. తువ్వాలు మూడు మడతలు వెయ్యాలి. ఆరు కాగానే కిటికీలు మూసెయ్యాలి. చిట్టి వంటింటి పక్క గదిలో సర్దుకుంది. పనిముట్ల పెట్టె మంచం కిందకి తోసింది. రోజూ వందల మేకులు దిగ్గొట్టే మనిషి, ఆ గది గోడకి తొమ్మిదేళ్ళలో ఒక్క మేకు కొట్టుకోలేదు. అక్క ఎన్నడూ వద్దనలేదు. చిట్టీ ఎన్నడూ అడగలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, "అక్కా, ఒకసారి షెడ్డుకి వస్తావా, నీకొకటి చూపించాలి" అంది చిట్టి.

ఏడాదిన్నరగా ఆదివారాలు కూడా ఈ పిల్ల షెడ్డుకి పోతుంటే ఓవర్‌టైమనుకుంది అక్క. తలకి మించిన పని పెట్టుకుంటే ఒళ్ళు ఏమవుతుందని నాలుగైదు సార్లు కేకలు కూడా వేసింది. ఇప్పుడు వెళ్ళి చూస్తే, షెడ్డు వెనక రేకుల పంచలో, చక్రాలున్న పాత ట్రైలరు ఒకదాని మీద ఒక ఇల్లు నిలబడి ఉంది.

"ఏంటే ఇది?"

"ఇల్లక్కా."

"ఎవరిది?"

"నాది."

అక్క మూడు మెట్లెక్కి లోపలికి వెళ్ళింది. పొడవు పద్దెనిమిది అడుగులు, వెడల్పు ఎనిమిది. టేపు పెట్టక్కర్లేదు, ఆమె కన్నే టేపు. కిటికీలు బస్సు కిటికీలే, వేలితో తోస్తే చప్పుడు లేకుండా పక్కకి జరుగుతున్నాయి. గోడలోంచి కిందకి దిగే బల్ల. ఎత్తితే కింద బట్టల అర బయటపడే మంచం. చిన్న పొయ్యి గట్టు, దాని పక్కన ఇంకా చిన్న సింకు. తలుపు దగ్గర చెప్పులు పెట్టుకోడానికి, తడి గొడుగు నిలబెట్టుకోడానికి ఒక్కో గూడు. అక్క అలవాటు కొద్దీ తప్పు కోసం వెతికింది. దొరకలేదు. నిజం చెప్పాలంటే, ఇరవై రెండేళ్ళలో ఆమె బల్ల మీదికి వచ్చిన వేల ప్లానుల్లో, మనిషి ఎలా లేస్తుంది, ఎక్కడ చెయ్యి చాస్తుంది అని ఇంతగా ఆలోచించి కట్టిన గది ఇంకొకటి లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం వేరే.

"నా ఇంట్లో నీకేం తక్కువయింది?"

చిట్టి గుడ్డ పెట్టి అద్దం తుడుస్తోంది. "ఏం తక్కువ కాలేదక్కా. అన్నీ ఉన్నాయి. అన్నీ నీవి, అంతే."

"బస్సు డబ్బాలో కాపరం పెడతావా? నలుగురూ వింటే నవ్విపోతారు. రేపు ఆఫీసులో నా తలెక్కడ పెట్టుకోను?"

"నీ తల నీ దగ్గరే ఉంటుందిలే. నేనేం పట్టుకుపోను."

"ఎక్కడ నిలబెడతావు దీన్ని? నా పెరట్లో మాత్రం పెట్టనివ్వను. ముందే చెప్తున్నా."

అద్దం మీద చిట్టి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. "సరేలే. ఎక్కడో ఒకచోట చూసుకుంటా" అంది.

వారం తిరక్కుండా చోటు దొరికింది. రెండు వీధుల అవతల ఆస్పత్రి నర్సమ్మ ఉంది, చిట్టికి స్నేహితురాలు. ఆవిడ ఇంటి వెనక బోలెడంత ఖాళీ పెరడు. "గడ్డి కోయించలేక చస్తున్నా, వచ్చి ఉండవే తల్లీ" అంది నర్సమ్మ. ఇక మిగిలింది అనుమతి.

సోమవారం సాయంత్రం చిట్టి ఆఫీసు ఫారం తెచ్చి వంటింటి బల్ల మీద పరిచింది. అక్క కూరగాయలు తరుగుతోంది.

"అక్కా, 'నిర్మాణం రకం' అని ఉంది. ఇక్కడ ఏం రాయాలి?"

అక్క కత్తి ఆగలేదు. కాని జవాబు మాత్రం అచ్చు వేసినట్టు కళ్ళముందు నిలిచింది. నిబంధనల పుస్తకంలో తొమ్మిదో అధ్యాయం, మూడో క్లాజు. నాలుగేళ్ళ కిందట చేర్చారు. ఉన్న ఇంటి పెరట్లో, ఆ ఇంటి యజమాని పేరు మీద, రెండొందల చదరపు అడుగులు మించకుండా ఒక గది కట్టుకోవచ్చు. నీళ్ళూ మురుగూ పెద్దింటి గొట్టాల్లోనే కలవాలి. చక్రాలుంటే ఊడదీసి దిమ్మెల మీద నిలబెట్టాలి. దాన్ని ఇల్లు అనరు, అనుబంధ గది అంటారు. చిట్టి బదులు నర్సమ్మ సంతకం చేసి, ఆ గడిలో 'అనుబంధ గది' అని రాస్తే చాలు. రోడ్డు ఎంత వెడల్పని అడిగేవాడుండడు. మూడు వారాల్లో కాగితం చేతికొస్తుంది.

"సొంతవాళ్ళ ఫైలు నేను ముట్టుకోకూడదు. రూలు" అంది అక్క.

"ముట్టుకోమనట్లేదుగా. చెప్పమంటున్నా."

"చెప్పినా ముట్టుకున్నట్టే. రేపు ఎవడైనా వేలెత్తి చూపిస్తే? కౌంటరులో అడుగు. నా సీటు దగ్గర కాదు, పక్క సీటులో."

అలాంటి రూలు ఉన్న మాట నిజమే. బంధువుల ఫైలు మీద నిర్ణయం తీసుకోకూడదంటుంది ఆ రూలు. అడిగినదానికి జవాబు చెప్పకూడదని ఎక్కడా అనదు. ఆ తేడా ఊరందరికన్నా ఎక్కువ తెలిసింది అక్కకే. అయినా ఆ పూట ఆ రూలు చాటున నిలబడటం ఆమెకి సుఖంగా అనిపించింది.

చిట్టి వెళ్ళిపోతే సాయంత్రం ఏడింటికి ఈ గేటు ఎవరు తోస్తారు? తువ్వాలు రెండు మడతలే వేశావని ఎవరిమీద విసుక్కోవాలి? ఆ ఆలోచనని అక్క పూర్తిగా పైకి రానివ్వలేదు. నాలుగు రోజులు తిరుగుతుంది, విసిగి మానేస్తుంది, అదే మంచిది అని మనసుకి సర్దిచెప్పుకుని, తరిగిన ముక్కలు గిన్నెలో వేసింది.

చిట్టి ఆ గడిలో 'కొత్త ఇల్లు' అని రాసింది. ఇల్లు కట్టిన మనిషి మరేం రాస్తుంది?

పక్క సీటాయన వేరే ఊరి నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చాడు. చెడ్డవాడు కాదు, అక్షరం పట్టుకుని వేలాడే రకం. కొత్త ఇల్లంటే కనీసం మూడొందల యాభై చదరపు అడుగులుండాలి, ఇది నూట నలభై నాలుగు. ఇంటి ముందు పన్నెండడుగుల దారి ఉండాలి, ఇక్కడ ఉన్నది నర్సమ్మ బట్టలారేసుకునే తీగ. కుదరదని రాసి ఇచ్చాడు. పైగా, "చక్రాలున్నాయి కదమ్మా, ఇది బండేమో, వాహనాల ఆఫీసులో కనుక్కోండి" అని ఒక ఉచిత సలహా కూడా పడేశాడు.

అక్కడినుంచి చిట్టి తిరుగుడు మొదలైంది. మొదట్లో రోజూ సాయంత్రం భోజనాల దగ్గర ఆ భాగవతమంతా గొంతులు మార్చి వినిపించేది.

"ఇంజను నంబరు చెప్పండన్నాడక్కా. ఇంజను లేదండీ అన్నా. ఇంజను లేకుండా బండేంటమ్మా అని నన్నే అడిగాడు. నేను బండి అనట్లేదండీ, మీ అవతలి ఆఫీసువాళ్ళంటున్నారన్నా. వచ్చి చూశాడు. పొయ్యి ఉంది, సింకు ఉంది, ఇది ఇల్లమ్మా అని సర్టిఫికెట్టిచ్చి పోయాడు!"

అక్క పొలమారేలా నవ్వింది.

ఫైరాఫీసువాళ్ళు నివాసానికి రెండు తలుపులుండాలన్నారు. "రెండోది పెడితే మంచం బయట వేసుకోవాలి" అంది చిట్టి. నీళ్ళ ఆఫీసుకి వెళ్తే డోరు నంబరుంటేనే కొళాయి అన్నారు. డోరు నంబరు ఇచ్చేచోట, కొళాయి ఉన్నట్టు కాగితం తెస్తేనే నంబరు అన్నారు. "ఇద్దర్నీ ఒక గదిలో పెట్టి బయట గొళ్ళెం పెట్టాలక్కా" అంది. ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు. తర్వాతి రోజుల్లో అక్క అన్నిటికన్నా ఎక్కువగా తిట్టుకున్నది ఆ నవ్వులనే. జవాబు నోట్లో పెట్టుకుని, ఎదురుగా కూర్చుని, ఆమెతో కలిసి నవ్వింది.

నెలలు గడిచాయి. షెడ్డు యజమానికి ఆ పంచ అవసరమై, ఇంటిని ముందే నర్సమ్మ పెరట్లోకి లాక్కెళ్ళి నిలబెట్టాల్సి వచ్చింది. చిట్టికి ఉన్న సెలవులన్నీ ఆఫీసుల మెట్లకే అయిపోయాయి. గొంతులు మార్చి చెప్పడం తగ్గింది. తర్వాత అసలు చెప్పడమే తగ్గింది. "ఇవాళ ఏమన్నారు?" అని అక్క అడిగితే, "రేపు రమ్మన్నారు" అని కంచం వైపు చూస్తూ తినేది.

అలాంటి రోజుల్లోనే ఒక ఉదయం, పుస్తకాలు బైండింగు చేసే ఒక పెద్దమనిషి అక్క కౌంటరు దగ్గరికి వచ్చాడు. వేళ్ళ సందుల్లో జిగురు ఎండి తెల్లగా ఉంది.

"మా అమ్మ మెట్లెక్కలేకపోతోందండీ. పెరట్లో ఆవిడకో చిన్న గది వేద్దామని" అంటూ ఫారం ముందుకి తోశాడు. నిర్మాణం రకం అన్న గడిలో 'కొత్త ఇల్లు' అని ఉంది.

అక్క పెన్ను తీసి దాన్ని కొట్టేసింది. "ఇలా రాస్తే ఏడాది తిరిగినా రాదండీ. అనుబంధ గది అని రాయండి. దరఖాస్తు మీ పేరు మీదే ఉండాలి, అమ్మగారి పేరు మీద వద్దు. రెండొందల అడుగులు దాటనివ్వకండి. నీళ్ళ గొట్టం మీ ఇంటి గొట్టంలోనే కలిపినట్టు ప్లానులో గీయించండి. మూడు వారాల్లో వచ్చి తీసుకోండి."

అర నిమిషం పట్టింది. ఆయన దణ్ణం పెట్టినంత పనిచేసి వెళ్ళిపోయాడు.

వెనక బల్ల దగ్గర సర్వేయరుగారు మ్యాపు మీద వంగి ఉన్నాడు. అక్కకన్నా సీనియరు, మాట చాలా నెమ్మది. తల ఎత్తకుండానే అన్నాడు: "మేడమ్, ఆ నాలుగు ముక్కలూ మీ చెల్లెలుగారికి చెప్పారా?"

"ఆ ఫైలుతో నాకు సంబంధం లేదండీ."

"నేనడిగింది ఫైలు సంగతి కాదు."

అక్క బల్ల మీది ఫైళ్ళు సర్దసాగింది.

"పక్క సీటాయనకి ఆ క్లాజు తెలిసినట్టు లేదు. నేను ఆయన చెవిన వేయనా?"

"వద్దులెండి. నేనే చెప్తాను."

"మీరే చెప్పండి. అదే బావుంటుంది" అని ఆయన మళ్ళీ మ్యాపులో పడిపోయాడు.

ఆ సాయంత్రం చెప్పాలనే అనుకుంది అక్క. దారంతా మాటలు కూడా కూర్చుకుంది. ఇవాళే గుర్తొచ్చిందే చిట్టీ, ఒక క్లాజు ఉంది అని మొదలుపెడితే సరిపోతుంది. ఏడింటికి గేటు చప్పుడయింది. చిట్టి చెప్పులు విడిచి, మొహం కూడా కడుక్కోకుండా వంటింటి గడప మీద కూలబడింది.

"ఇంక మానేద్దామనిపిస్తోందక్కా. నా వల్ల కావట్లేదు."

ఆ మాట వినగానే అక్క గుండెల్లో ఏదో తేలికపడింది. ఆ తేలిక ఎంత సిగ్గుమాలినదో ఆ క్షణంలోనే ఆమెకి తెలుసు. తెలిసీ, "పోనీలే, ముందు తిను" అంది. రేపు చెప్దామనుకుంది. ఆ రేపు మళ్ళీ ఇంకో రేపయింది.

నర్సమ్మ పక్కింటివాళ్ళు ఫిర్యాదు పెట్టారు. పెరట్లో అనుమతి లేని కట్టడం ఉంది, వాళ్ళ కిటికీకి గాలి ఆడట్లేదు అని. నోటీసు నర్సమ్మ గేటుకి అంటించారు. ముప్పై రోజుల్లో తీసెయ్యాలి. లేకపోతే ఆఫీసే తీయిస్తుంది. నర్సమ్మ పాపం, ఎవరేమన్నా ఎదుర్కొందామంది. చిట్టే వద్దంది. "నాకోసం నీకు ఇరుగుపొరుగుతో గొడవెందుకు?"

ఊరి బయట రాళ్ళ క్వారీ దగ్గర, లారీల బరువు తూచేచోట గుమాస్తా కూర్చోడానికి గది కావాలంటే, చిట్టి తన ఇల్లు వాళ్ళకి ఇచ్చేసింది. ట్రాక్టరు వచ్చిన రోజు అక్క కూడా వెళ్ళింది. చిట్టి లోపలున్న రెండు దుప్పట్లూ గిన్నెలూ బయటికి తెచ్చుకుంది. ట్రైలరు కొక్కెం తనే తగిలించింది. ట్రాక్టరతను బండి కదిలిస్తుంటే పరిగెత్తుకెళ్ళి, "ఎడమవైపు మూడో కిటికీ కొంచెం బిగుతు. బలంగా లాగొద్దని చెప్పండి వాళ్ళకి" అంది. అతను సరేనని తలూపాడు. వీధి మలుపులో ఇల్లు ఒకవైపుకి ఒరిగి, నిలదొక్కుకుని, కనబడకుండా పోయింది.

తర్వాతి రెండు వారాలూ అక్క చిట్టిని కళ్ళలో పెట్టుకుని చూసుకుంది. ఆమె గదికి కొత్త తెర కుట్టించింది. "గోడకి మేకులు కావాలంటే కొట్టుకోవే, నాదేం పోయింది" అంది. చిట్టి "చూద్దాంలే" అంది.

ఒక శనివారం మధ్యాహ్నం అక్క ఆరిన బట్టలు మడతపెడుతుంటే గేటు చప్పుడైంది. ఏడింటికి రావల్సిన చిట్టి మూడింటికే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అనుబంధ గది అంటే ఏంటక్కా?"

అక్క చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"నర్సమ్మ వార్డులో ఒక పెద్దావిడ కాలు విరిగి చేరిందట. కొడుక్కి బైండింగు పని. ఆవిడకి పెరట్లో గది కట్టాడట, మూడు వారాల్లో అనుమతొచ్చిందట. స్కేలు మేడమ్ దేవత, అడక్కుండానే అన్నీ చెప్పిందని వార్డంతా చెప్తున్నాడట." చిట్టి గొంతు పెరగలేదు. "నర్సమ్మ నన్ను అడిగింది, మీ అక్క నీకు చెప్పలేదా అని. నేనేం చెప్పను? నీకు తెలుసా?"

"తెలుసు."

"నేను ఫారం తెచ్చిన రోజే?"

"ఆ రోజే."

చిట్టి స్టూలు లాక్కుని కూర్చుంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల వైపు చూస్తూ ఉండిపోయింది. అరిచినా బావుండేది, ఏ గిన్నో విసిరికొట్టినా బావుండేది అనిపించింది అక్కకి.

"రూలు వల్లేనా?" అంది చిట్టి.

అవునంటే సరిపోయేది. చిట్టి నమ్మేది కూడా. స్కేలు మేడమ్ చెల్లెలికి ఆ మాత్రం తెలుసు. కాని ఇన్ని నెలల తర్వాత మొదటిసారి అక్క ఉన్నమాట చెప్పింది.

"కాదు. నువ్వు వెళ్ళిపోతావని."

"ఎక్కడికక్కా?" చిట్టి తలెత్తింది. నిజంగా అర్థం కానట్టు చూసింది. "నర్సమ్మ ఇల్లు రెండు వీధుల అవతల. సాయంత్రం భోజనానికి ఇక్కడికే వద్దామనుకున్నా. అసలు మొదట నేను కొలిచింది మన పెరటికి. వెనక గేటు ఎనిమిదడుగుల మూడంగుళాలు. అందులోంచి పట్టాలనే ఎనిమిదడుగులు కట్టా. నీకు చూపించి, అడుగుదామనుకున్నా. అడిగేలోపే నువ్వు పెట్టనివ్వనన్నావు."

అక్క తువ్వాలు పక్కన పడేసింది. "మరి ఆ ముక్క చెప్పొచ్చు కదే?"

"నువ్వూ చెప్పొచ్చు కదక్కా. వెళ్ళకే చిట్టీ అని ఒక్కమాట. నేనేమైనా కాదంటానా?" చిట్టి లేచింది. "ఆరు నెలలు తిరిగా. కాళ్ళరిగాయని బాధ లేదు. రోజూ వచ్చి నీ ముందు కూర్చుని చెప్పుకున్నా చూడు, అదే."

ఆమె తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. గడియ కూడా పెట్టలేదు. అక్క తలుపు దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చింది.

చిట్టి పనిచేసే కంపెనీకి ఇంకో ఊళ్ళో కొత్త షెడ్డు పెట్టారు, బస్సులో ఎనిమిది గంటల దూరం. పాతవాళ్ళెవరైనా వస్తారా అని ఎప్పట్నించో అడుగుతున్నారు. నెల తిరిగేసరికి చిట్టి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు వంటింటి కొళాయికి వాషరు మార్చింది, అటక మీద వదులైన పలక బిగించింది. కోపంగా వెళ్ళలేదు. అక్క కట్టిచ్చిన భోజనం పట్టుకుంది, చేరగానే ఫోను చేస్తానంది, చేసింది కూడా.

ఆ తర్వాత అక్క తొమ్మిదో అధ్యాయం మూడో క్లాజుని మామూలు భాషలో, పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసి కౌంటరు పక్క గోడకి తగిలించింది. పక్క సీటాయనని కూర్చోబెట్టి అంతా వివరించింది. ఆ ఏడాది ఊళ్ళో పదకొండు అనుబంధ గదులు లేచాయి. జనం వచ్చి చల్లగా ఉండమని దీవించి పోతుంటే, ఆమె తల వంచుకుని తర్వాతి ఫైలు అందుకునేది. సర్వేయరుగారు ఏమీ అడగలేదు. అడిగితే చెప్పుకునేదేమో.

ఒక సెలవురోజు క్వారీకి కూడా వెళ్ళింది. గుమాస్తా ఎవరో ఏమిటో అనకుండా, "చూసుకోండమ్మా" అని పక్కకి తప్పుకున్నాడు. మంచం లేదు. దింపుడు బల్ల మీద రాతి పొడి పేరుకుంది. గొడుగు గూట్లో ఇనప గొలుసులు కుక్కారు. అక్క అక్కడ రెండు నిమిషాలు నిలబడి, కొంగుతో బల్ల తుడిచి వచ్చేసింది. తుడిచిన మేరా మళ్ళీ సాయంత్రానికల్లా పొడి పడుతుందని ఆమెకి తెలుసు.

ఏడు నెలలకి చిట్టి దగ్గరికి బయల్దేరింది. పిలిచింది చిట్టి కాదు. "ఒకసారి వస్తానే" అంటే "రా అక్కా, దానికేముంది" అంది. ఆ ఊరి నిబంధనల పుస్తకం ఎక్కడో వెతికి తెప్పించుకుంది అక్క. తెల్లవారుజామునే బస్సెక్కి, దారి పొడుగునా కుదుపుల్లో చదివి, కావలసినచోటల్లా కాగితం ముక్కలు పెట్టింది.

చిట్టి బస్టాండుకొచ్చి సంచీ అందుకుంది. అద్దెగది శుభ్రంగా ఉంది. అక్కకోసమని కొత్త గ్లాసు తీసి అందులో మంచినీళ్ళిచ్చింది. "కూర్చో అక్కా", "ఫ్యాను పెంచనా అక్కా", "దారిలో ఇబ్బందేం కాలేదు కదా". అన్నీ మంచి మాటలే. అక్క అలవాటుగా "ఆ తువ్వాలు సరిగ్గా మడవ్వే" అనబోయి, ఇది తన ఇల్లు కాదని గుర్తొచ్చి ఆగిపోయింది. చిట్టి ఆ తువ్వాలు తీసి, మూడు మడతలు వేసి పక్కన పెట్టింది.

మధ్యాహ్నం షెడ్డుకి తీసుకెళ్ళింది. వెనకవైపు, ఇంకో ట్రైలరు మీద ఇంకో ఇల్లు మొదలైంది. ఇంకా అస్థిపంజరమే. ఇనప కమ్ములు, ఒకవైపు మాత్రం ప్లైవుడ్.

అక్క ఆత్రంగా సంచీలోంచి పుస్తకం తీసింది. "చిట్టీ, ఇక్కడ రెండొందలు కాదు, నూట ఎనభై అడుగులే. ఇంకోటి, ప్రహరీకి నాలుగడుగులు వదలాలి. నేనన్నీ గుర్తు పెట్టుకొచ్చా చూడు..."

"తెలుసక్కా" అంది చిట్టి. "మా ఇంటావిడ పెరట్లో పెట్టుకోడానికి కాగితం కూడా వచ్చేసింది, పోయిన నెల. ఇక్కడి కౌంటరులో ఒకావిడ ఉంది. అడగ్గానే కూర్చోబెట్టి అంతా చెప్పింది. మంచిమనిషి."

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉంటే అక్క తట్టుకునేది. పుస్తకం మళ్ళీ సంచీలో పెట్టింది.

"నన్ను క్షమించవే" అంది.

చిట్టి డ్రిల్లు వైరు సరిచేసింది. "కోపం ఎప్పుడో పోయిందక్కా. నిజంగానే పోయింది. కాని ఇప్పుడు నీకేదైనా చెప్పేముందు, చెప్పాలా వద్దా అని ఒకసారి ఆలోచిస్తున్నా. అది పోవట్లేదు. ఏం చెయ్యను?"

"ఏం చెయ్యకు" అంది అక్క.

"ఆ పలక కొంచెం పట్టుకో. ఒక్కదాన్నే బిగించలేకపోతున్నా."

అక్క పలకకి రెండు చేతులూ ఆనించి నిలబడింది. చిట్టి వరసగా రివెట్లు కొట్టుకుంటూ పోయింది. చెవులు గింగురుమంటున్నా అక్క కదల్లేదు. ఒక వైపు గోడ పూర్తయ్యేసరికి ఎండ వాలింది.

వెళ్ళాల్సిన బస్సు ఆరున్నరకి. టిక్కెట్టు చిట్టే తీసిపెట్టింది, కిటికీ పక్క సీటు. బస్టాండు బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యమన్నారు. అక్కకి మర్నాడు కూడా సెలవే. ఆ సంగతి చిట్టికి రాగానే చెప్పింది. ఈ పూట ఉండి రేపు వెళ్దువుగానిలే అక్కా అని చిట్టి అంటుందేమోనని ఆ ఇరవై నిమిషాలూ ఎదురుచూసింది. ఉండనా అని తను అడగొచ్చు. నోరు తెరిస్తే అయిపోయేది. కాని అడిగే హక్కు తనకి ఇంకా ఉందో లేదో తెలియలేదు.

బస్సు వచ్చింది. చిట్టి సంచీ లోపల పెట్టి, కిందకి దిగి, కిటికీ దగ్గర నిలబడి, "చేరగానే ఫోను చెయ్యి" అంది.

"చేస్తా" అంది అక్క.